అమీన్ సాబ్ ఎర్ర డబ్బా

తీగ పీకి, దాని మూతి ఊది, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ గుచ్చితే గానీ ఆ డబ్బాకు తెల్లవారదు. అమీనుద్దీన్ రోజూ పొద్దున చేసే మొదటి పని అదే. కంప్యూటరు తనంతట తాను లేస్తుంది, లోపల ఫ్యాను గురగురమంటుంది, తెర మీద వెలుగు వస్తుంది. గొంతు మాత్రం రాదు. పడుకుని లేచిన ప్రతిసారీ తనకు ఎర్ర డబ్బా ఒకటుందన్న సంగతే మరిచిపోతుంది. అప్పుడు సెట్టింగుల్లోకి పోయి, కాలిపోయిన పాత సౌండ్ కార్డు పేరు మీద ఉన్న గుర్తు తీసి డబ్బా పేరు మీద పెట్టాలి. ఇకమీదట నీ మాట దీని నోటితోనే అని దానికి మళ్ళీ నచ్చజెప్పాలి. ఒప్పుకున్నాక 'టుంగ్' మని ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు చెవిన పడ్డాకే అమీనుద్దీన్ చాయ్ తాగుతాడు.

డబ్బా సగం ఇటుకంత ఉంటుంది. ముందువైపు మైకులు గుచ్చడానికి రెండు సాకెట్లు, వాటి పక్కన సౌండ్ పెంచే గుండ్రటి మీటలు, చివర హెడ్‌ఫోన్‌కు చిన్న సాకెట్. వెనక నుంచి యూఎస్‌బీ తీగ కంప్యూటరులోకి పోతుంది. అది పాటలు పట్టడానికి పుట్టిన వస్తువు. కోఠిలో పాత సామాను అమ్మినవాడు కూడా అదే చెప్పి ఇచ్చాడు. కానీ ఎండాకాలంలో ఒకనాడు, పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువై తిరిగొచ్చి కంప్యూటరు సొంత సౌండ్ కార్డును కాల్చేసింది. అప్పటినుంచి కంప్యూటరుకు నోరూ ఇదే, చెవీ ఇదే. పాట బాగా పాడుతుందని తెచ్చుకున్న కోడలికి అంట్లు తోమడం నుంచి పేడ ఎత్తడం దాకా అప్పగించినట్టు, పెండ్లి వీడియోల సన్నాయి, ఆటోల్లో తిప్పే అనౌన్సుమెంట్లు, తప్పు మీట నొక్కితే కంప్యూటరు కసురుకునే చప్పుడు, అన్నీ దాని నెత్తినే పడ్డాయి.

అందుకే అది అప్పుడప్పుడు అలుగుతుంది. చిటపటలాడుతుంది. ఒకసారి పెండ్లివాళ్ళ పాట రికార్డు చేస్తుంటే తెర మీద అలలు చక్కగా గీసి, తీరా వినబోతే ఏమీ వినిపించలేదు. కంప్యూటరు మధ్యలో కునుకు తీసి మళ్ళీ పాత సౌండ్ కార్డునే తలుచుకుందని తరవాత తెలిసింది. ఆనాటి నుంచి తెర మీది గీతలను అమీనుద్దీన్ నమ్మడు. వినపడితేనే ఉన్నట్టు. ఇక ఏ పని చెడినా, ఏ పని ఆలస్యమైనా ‘డబ్బ సతాయిస్తుంది’ అనేవాడు. వచ్చినవాళ్ళు నమ్మేవాళ్ళు. డబ్బా ఎన్ని గొంతులు పలికినా తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు కదా.

అమీనుద్దీన్‌ది సన్నటి ఒళ్ళు. గోరింట పెట్టిన గడ్డం. వేళ్ళ కొసల మీద ఎప్పటెప్పటివో సోల్డరింగు వాతలు. నడుస్తుంటే తల కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. ఎవరో వెనక నుంచి పిలిచినట్టూ, ఆయన ఇంకా ఆ పిలుపు వింటున్నట్టూ కనిపిస్తాడు. చిన్నప్పుడే మేనమామ మైకుసెట్టు పనిలో పెట్టాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో సభ జరిగితే హారను గొట్టాన్ని ఎవరూ తిప్పేయకుండా దాని పక్కన కూర్చోవడమే అతని పని. తరవాత దర్గాల్లో ఉర్సులు, పెండ్లిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, ఎలక్షన్లు. ఆటోలో వెనక సీటు మీద కూర్చుని ఊళ్ళు తిరుగుతూ అనౌన్సుమెంట్లు చేసిన ఏళ్ళు చాలానే ఉన్నాయి. హారను కుడివైపే కట్టేవాళ్ళు. దాని అరుపంతా ఆ కుడి చెవిలోకే పోయింది. ఆ చెవి కొంచెం మందమైందని ఆయనకు తెలుసు. మైకు పనిచేసే ప్రతివాడికీ ఉండేదేలే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెవి మందమైన మైకువాడిని పని అడిగేదెవరు?

ఆ పొద్దున సిద్దిపేటలో బస్సులు లేవు. సకల జనుల సమ్మె నడుస్తోంది. డిపో గేటు ముందర వంటావార్పు, పాత బస్టాండు దగ్గర దీక్షా శిబిరం, బడులకు తాళాలు. బొగ్గు బావుల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు లేనప్పుడు ఇన్వర్టరు మీద కంప్యూటరు, డబ్బా మాత్రమే నడుస్తాయి. పెద్ద స్పీకర్లు పెడితే బ్యాటరీ నీళ్ళలా తాగేస్తాయి. అందుకని వినడమంతా హెడ్‌ఫోన్‌తోనే. అది షాపులో ఒక్కటే ఉంది. పని పూర్తయ్యేదాకా దాన్ని పాడినవాళ్ళకు ఇవ్వకపోవడం అమీన్ సాబ్ పద్ధతి. ఇస్తే ‘నా గొంతు గిట్లుంటదా’ అని పంచాయితీ పెడతారని ఆయన భయం.

మైకు గుచ్చి ఊదాడు. మొదటి సాకెట్ కరకరలాడింది. ఏళ్ళ తరబడి పీకీ గుచ్చీ అది వదులైపోయింది. తీగను అటు నొక్కి ఇటు నొక్కి చూసి, విసుగొచ్చి రెండో సాకెట్‌లోకి మార్చాడు. ఆ సాకెట్‌ను ఆయన ఇదివరకు ఎన్నడూ వాడలేదు. అయినా అందులో ఆలోచించాల్సిందేముంది? మైకుసెట్టు అంప్లిఫయర్‌కు వరసగా నాలుగు సాకెట్లుంటాయి. ఎందులో గుచ్చినా గొంతు అదే హారనులోంచి వస్తుంది. నలభై ఏళ్ళ అనుభవం ఆయనకు నేర్పింది అదే. ఈ డబ్బా పద్ధతి వేరు. మొదటి సాకెట్‌లో గుచ్చిన గొంతు ఎడమ చెవికి పోతుంది, రెండో దాంట్లోది కుడి చెవికి. కొన్నప్పుడు కోఠి షాపువాడు ఆ మాట చెప్పే ఉంటాడు. వాడు అమీన్ సాబ్‌కు కుడివైపున నిలబడి ఉంటే వినపడి ఉండదు.

పోచవ్వ వచ్చేసరికి ఎండ గడప దాటింది. చంద్లాపూర్ నుంచి మరిది ఇస్తారి బండి మీద తీసుకొచ్చాడు. శిబిరంలో ఆమెది పెద్ద గొంతు. బతుకమ్మ ఆటలో అయినా, ధూంధాంలో అయినా ఆమె ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ళు అందుకోవాల్సిందే. ఆ గొంతులో ఇప్పుడు గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో రేపే ఆపరేషన్. తీసేశాక పాట కాదు, మాటైనా మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. తెలిసినవాళ్ళ కారు మధ్యాహ్నం ఈ షాపు ముందుకే వచ్చి ఆమెను ఎక్కించుకుపోతుంది. ఆలోగా ఒక్క పాట పట్టాలి. శిబిరం వాళ్ళకూ అది కావాలి, కానీ ఆమె వచ్చింది వాళ్ళ కోసం కాదు. కొడుకు అంజన్న భివండిలో సాంచలు నడుపుతున్నాడు. ఆ మరమగ్గాల మోతలో ఫోను చేసినా సరిగ్గా వినడు, పండక్కి రాక రెండేళ్ళైంది. పాట వాడి సెల్లులోకి పోవాలి.

"గొంతు గిప్పుడైతే మంచిగున్నది అమీనూ. మల్ల ఎట్లుంటదో. జెర జల్ది పట్టుకో కొడుకా" అంది.

చెంపలో పెట్టుకున్న కరక్కాయ ముక్క తీసి, ఎక్కడ పెట్టాలా అని చూసి ఎర్ర డబ్బా మీద పెట్టింది. ఆ డబ్బా మీద చాయ్ గ్లాసు పెడితేనే అమీనుద్దీన్ కసురుకుంటాడు. ఆ వేళ ఏమీ అనలేదు.

ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ముందే పట్టి ఉంచిన డప్పు దరువు చెవిలో మొదలైంది. దానికి తగ్గట్టు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. ఆ వేళ్ళను చూస్తూ పోచవ్వ అందుకుంది.

సాంచల సప్పుడుల చెవులు వోయెనా కొడుకా
అవ్వ పిలిసిన పిలుపు ఇనరాకపాయెనా
మన జాగ మనకొస్తె మర్లి వస్తవా కొడుకా
మల్లెసాల పొయికాడ బువ్వ తింటవా

గడప మీద కూర్చున్న ఇస్తారి తల వంచుకున్నాడు. పక్క గదిలో అమీన్ సాబ్ భార్య సఫూరా కుట్టుమిషను ఆగిపోయింది. అమీనుద్దీన్ ఎందరి గొంతులకో మైకు పట్టాడు. నాయకులవి, కవ్వాలీ పాడేవాళ్ళవి, మౌల్వీలవి, హరికథల వాళ్ళవి. ఇలాంటిది వినలేదు. చెవి మీది హెడ్‌ఫోన్ మెత్తను దాటుకుని, ఎడమవైపు నుంచి, ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతు నేరుగా లోపలికి వచ్చింది. కండ్లలో నీళ్ళు తిరిగితే గడ్డం గోక్కున్నట్టు నటించి తుడుచుకున్నాడు.

పాట అయ్యాక వెనక్కి తిప్పి వినబోయాడు. దరువు వచ్చింది. పాట రాలేదు.

తెర మీద గొంతు గీతలకున్న రెండు వరసల్లో, కిందిదాంట్లో అలలు గీసి ఉన్నాయి. పై వరస ఖాళీగా ఉంది. గీతలను నమ్మి ఒకసారి పెండ్లివాళ్ళ ముందు అభాసు పాలైన మనిషి, మళ్ళీ నమ్మలేదు. ఇది డబ్బా పనే అనుకున్నాడు. సెట్టింగుల్లోకి పోయి చూశాడు. గుర్తు డబ్బా పేరు మీదే ఉంది. అయినా తీసి మళ్ళీ పెట్టాడు. తీగ పీకి, ఊది, గుచ్చాడు. 'టుంగ్' మంది. చప్పుడు వస్తోంది, దరువు వస్తోంది, గొంతొక్కటే రావడం లేదు.

"డబ్బ సతాయిస్తుంది అవ్వా. ఇంకొక్కపారి" అన్నాడు.

కొత్త ట్రాక్ తెరిచి పాడించవచ్చు. కానీ క్యాసెట్ల కాలం చేతులవి. చెడిపోయిన పాటను మొదటికి తిప్పి, దాని మీదే కొత్తది ఎక్కించడం వాటికి అలవాటు. అట్లాగే ఎక్కించాడు. మొదటి పాట మీద రెండో పాట ఎక్కింది. రెండోసారీ గొంతు వినపడకపోతే కంప్యూటరును ఆపి మళ్ళీ లేపి, దాని మీద మూడోది ఎక్కించాడు. మూడోసారికి పోచవ్వ గొంతులో ఇసుక పడ్డట్టైంది. పై స్థాయికి పోవాల్సిన చోట ఆగి, నీళ్ళు తాగి పాడింది. మాట్లాడటం కూడా తగ్గించమని డాక్టరు చెప్పిన గొంతు అది.

ఇస్తారి లేచి లోపలికొచ్చాడు. "మనిషి గొంతు సాబ్ అది. బోరింగు లెక్క కొడ్తనే ఉంటె ఎట్ల?" అన్నాడు.

అమీనుద్దీన్ మళ్ళీ పాటను మొదటికి తిప్పాడు. చెమట చెవుల వెనక నుంచి మెడ మీదికి కారుతోంది. ఇంకొక్కసారి అని వేలు చూపించాడు. పోచవ్వ మరిదిని చేత్తోనే ఆపి మళ్ళీ నిలబడింది. ఈసారి 'అవ్వ పిలిసిన పిలుపు' దగ్గర గొంతు చిరిగింది. మిగతా పాటంతా గాలీ గరగరా కలిసి వచ్చింది. చివరి చరణం పెదవులు కదిలాయి గానీ బయటికి ఏమీ రాలేదు. ఆమె మెడ పట్టుకుని, చాలు అన్నట్టు అరచెయ్యి చూపించి గోడవార బెంచీ మీద కూర్చుంది.

ఆయన మళ్ళీ విన్నాడు. దరువు ఒక్కటే. పాట నడుస్తుండగానే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

సఫూరా చాయ్ తెచ్చింది. ఎప్పటిలాగే భర్తకు ఎడమవైపు వచ్చి నిలబడింది. గ్లాసు పెడుతూ, బల్ల మీద పడి ఉన్న హెడ్‌ఫోన్ వైపు వంగింది. అందులోంచి సన్నగా, దోమ పాడినట్టుగా పోచవ్వ గొంతు వస్తోంది. పాట వస్తూనే ఉంది కదా, మరి ఆమెతో అన్నిసార్లు ఎందుకు పాడించావని ఉర్దూలో మెల్లగా అడిగింది.

అమీనుద్దీన్ హెడ్‌ఫోన్ అందుకుని చెవులకు పెట్టుకున్నాడు. దరువు. తీసి, అటుది ఇటు చేసి, కుడి డొప్పను ఎడమ చెవికి ఆనించుకున్నాడు. చిరిగిన గొంతు చెవిలో పడింది. 'అవ్వ పిలిసిన పిలుపు ఇనరాకపాయెనా'. అదే డొప్పను కుడి చెవికి మార్చాడు. ఏమీ లేదు. దరువు కూడా లేదు. బావిలో తల పెట్టినట్టుంది. మందమైంది అనుకున్న చెవి ఎప్పుడు పూర్తిగా పోయిందో ఆయనకే తెలియదు. రెండు పక్కలా ఒకేలా మోగే పాటలు విన్నన్నాళ్ళూ ఎడమ చెవి ఒక్కటే రెండింటి పనీ చేసుకొచ్చింది.

తల ఎత్తి భార్యను చూశాడు. ఆమె కండ్లు దించుకుంది. నడిచేటప్పుడు ఎడమ పక్కనే నడవడం, పడుకునేటప్పుడు ఎడమ పక్కనే పడుకోవడం, బజారులో ఎవరైనా కుడివైపు నుంచి పిలిస్తే చెయ్యి పట్టి ఆపడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమెకు ఎప్పుడో తెలుసు. ఆయన పరువు పోకూడదని ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు ఒక్క మాటతో సరిపోతుంది. డబ్బా బాగైంది, పాట వచ్చింది అంటే చాలు. ఆడలేక మద్దెల ఓడని ఇన్నాళ్ళూ అననే అన్నాడు, ఇంకొక్కసారి అంటే నష్టమేముంది? నిజం చెబితే ఈ షాపు మెట్లు ఇంకెవరూ ఎక్కరు. ఆయన పోచవ్వ మెడ వైపు చూశాడు. నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆమె ఇంకా ఆశగా తెర వైపే చూస్తోంది.

"డబ్బ మంచిగనే ఉన్నదవ్వా" అన్నాడు. "నా చెవు పోయింది. నువ్వు పాడిందంత ఎక్కింది, నాకే ఇనరాలే. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన. ఇప్పుడు ఆఖర్ది ఒక్కటే ఉన్నది."

పోచవ్వ గాలిలా అడిగింది. "మొదలు పాడింది?"

"పోయింది."

"మంచిగుండెనా?"

"గసుంటిది నేనెన్నడు ఇనలే. ఈ చెవుతోని ఇన్న" అని ఎడమ చెవి పట్టుకున్నాడు.

"నువ్వింటె ఏమైతది అమీనూ" అంది. "వాడు గద ఇనాలె."

అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు కొంచెం తేలికగా ఉండేది. బయట కారు వచ్చి హారను కొట్టింది. అది ఎటు నుంచి వచ్చిందో, సఫూరా భుజం తట్టి కుడివైపు వీధి చూపేదాకా అమీనుద్దీన్‌కు తెలియలేదు. ఉన్న ఆఖరి పాటనే రెండు చెవులకూ వచ్చేట్టు పరిచి, ఇస్తారి మెమరీ కార్డులోకి ఎక్కించాడు. పోచవ్వ కొంగు సర్దుకుని మెట్లు దిగింది. కారెక్కేముందు వెనక్కి తిరిగి సఫూరాకు చెయ్యి ఎత్తి పోయొస్తానన్నట్టు ఊపింది. ఎప్పుడూ దూరం నుంచే కేకేసి చెప్పే మనిషి.

ఆపరేషన్ అయింది. పోచవ్వ తిరిగొచ్చింది, గొంతు రాలేదు. సద్దుల బతుకమ్మ నాడు మెడకు తెల్లగుడ్డ కట్టుకుని వచ్చి, ఆడవాళ్ళ మధ్య వంగి లేస్తూ చప్పట్లు మాత్రం కొట్టింది. పాట వేరేవాళ్ళు ఎత్తుకున్నారు.

దసరా పోయాక ఇస్తారి షాపుకొచ్చాడు. గడప దగ్గర నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు ఎడమవైపుకు మారి మాట్లాడాడు. పాటను సెల్లులో భివండికి పంపాడట. అంజన్న నిన్న ఫోను చేశాడట. అక్కడ మనోళ్ళంతా గుంపుగా కూర్చుని విన్నారట.

"మంచిగున్నది కాకా, ఎవలో ముసలామె పాడింది, ఎవలు అని అడిగిండు సాబ్" అన్నాడు. "వదిన గొంతని వాడు గుర్తువట్టలే. నేను చెప్పలే. ఆమెకు సుత చెప్పలే."

ఈ మాటలు అమీనుద్దీన్ చెవిలో స్పష్టంగా పడ్డాయి. ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. ఆయన తల ఊపి, చాయ్ తాగమని సైగ చేసి, కుర్చీలోంచి లేచి లోపలికి పోయాడు.

మరునాడు పొద్దున తీగ పీకలేదు, మూతి ఊదలేదు, గుచ్చలేదు. ఆ తరవాత కూడా లేదు. సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి, కరెంటు వచ్చింది, రాష్ట్రం మాత్రం ఇంకా రాలేదు. శిబిరం వాళ్ళు కొత్త పాటలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. సఫూరా కుట్టుమిషను మీంచి లేచి వచ్చి, మనిషి నమాజుకు పోయిండనో, పానం మంచిగ లేదనో చెప్పేది. ఎప్పుడు మొదలుపెడతారని మరీ నిలదీస్తే, డబ్బ ఖరాబైంది అనేది. వాళ్ళు అయ్యో అనుకుంటూ మెట్లు దిగిపోయేవాళ్ళు.

ఆమె రోజూ బల్ల తుడిచేది. కంప్యూటరు తుడిచేది, హెడ్‌ఫోన్ తుడిచేది, ఎర్ర డబ్బా చుట్టూ కూడా తుడిచేది. పైన మాత్రం గుడ్డ ఆనించేది కాదు. అక్కడ పోచవ్వ చెంపలోంచి తీసి పెట్టిన కరక్కాయ ముక్క, ఒక పక్క అరిగి, ఎండి, నల్లబడి, ఆమె పెట్టిన చోటే ఉంది.